పాప దురద, బట్టల పొడి



ఈ పూట మాట బట్టల పొడి గురించి. దాని గురించి చెప్పేదేముంది, కొట్టుకెళ్ళి కొనుక్కురావడమే కదా అనిపిస్తుంది. ఒక ఇల్లాలు కూడా అట్లాగే అనుకుంది. ఆమె పేరు ఎందుకు లెండి. ఏ ఊళ్ళో అయినా అట్లాంటి ఇల్లు ఒకటి ఉంటుంది. కథలాగే వినండి.

ఆ ఇంట్లో ఐదుగురు. ఇల్లాలు, ఆమె పెనిమిటి, అత్త, ఆరో తరగతి చదివే పెద్దపిల్ల, రెండేళ్ళ చిన్నపాప. పెనిమిటి తాపీ పనికి పోతాడు. ఆమె తన ఇంటి పని చేసుకొని, మరో రెండిళ్ళలో బట్టలు ఉతికి, గిన్నెలు తోమి వస్తుంది.

చిన్నపాపకు దురద. పగలు ఆటలో పడి మరిచిపోతుంది. రాత్రి పడుకోబెడితే చాలు, మెడ గోక్కుంటుంది. మోచేతి మడతలు గోక్కుంటుంది. మోకాళ్ళ వెనక గోక్కుంటుంది. తెల్లారేసరికి గోళ్ళలో నెత్తురు. పాప నిద్రపోదు. తల్లి నిద్రపోదు. ఆ కళ్ళతోనే పొద్దున్నే పనికి పోవాలి.

"దిష్టి తగిలిందే" అంది అత్త. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఇంట్లో అందరూ దగ్గారు. దురద మాత్రం తగ్గలేదు.

"నువ్వు వంకాయ తింటున్నావు, గోంగూర తింటున్నావు. పాలలోంచి పిల్లకు దిగుతోంది" అంది పక్కింటి పెద్దామె. పాప ఇంకా రాత్రిళ్ళు తల్లి పాలు తాగుతుంది. తల్లి వంకాయ మానేసింది. గోంగూర మానేసింది. గుడ్డు కూడా మానేసింది. రెండిళ్ళ చాకిరీ చేసే మనిషి చారు మెతుకులతో నెల రోజులు గడిపింది. ఆమె చిక్కిపోయింది గానీ పాప దురద అట్లాగే ఉంది.

ఆ తరవాత మందుల కొట్టు. కొట్టు అబ్బాయి ఒక ట్యూబు ఇచ్చాడు. రాసిన మూడో రోజుకు ఎరుపు మాయం. ఎంత మంచి మందో అనుకున్నారు. రాయడం ఆపిన వారానికి మళ్ళీ మొదలు. మళ్ళీ కొన్నారు, మళ్ళీ రాశారు. అట్లా మూడు ట్యూబులు అయిపోయాయి.

ఇక్కడ ఒక్క మాట ఆగి చెప్పుకోవాలి. ఇట్లా చిటికెలో తగ్గించే చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ అనే మందు ఉంటుంది. అది చెడ్డ మందు కాదు. డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే మేలే చేస్తుంది. ఎవరికి వారు నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. తామర మీద రాస్తే పైకి తగ్గినట్టు కనపడి ఇంకా పాకుతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇట్లాంటి 14 రకాల పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు ఉంది. అడిగితే చీటీ లేకుండా ఇచ్చే కొట్లూ ఉన్నాయి.

చివరికి ఆశా కార్యకర్త ఆమెను, పాపను వెంటబెట్టుకొని పి.హెచ్.సి.కి తీసుకుపోయింది.

అక్కడి డాక్టరమ్మ వెంటనే మందు రాయలేదు. ముందు ప్రశ్నలు వేసింది.

"ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అమ్మా?"

ఈ ప్రశ్న ఎందుకంటే గజ్జి సంగతి తేల్చుకోవాలి. గజ్జి కంటికి ఆనని చిన్న పురుగు వల్ల వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి దురద మొదలైతే, రాత్రిళ్ళు మరీ ఎక్కువైతే, వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ పొక్కులు ఉంటే అది చాలావరకు గజ్జే. దానికి ఏ బట్టల పొడి మార్చినా లాభం లేదు. దురద ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి. కట్టిన బట్టలు, పరిచిన దుప్పట్లు వేడి నీళ్ళలో ఉతకాలి. ఆ ఇంట్లో మాత్రం దురద పాపకు ఒక్కదానికే.

"ఒంట్లో ఎక్కడెక్కడ ఉంది?"

పాప గౌను విప్పి చూపించారు. మోచేతి మడతలు, మోకాలి మడతలు గరుకుగా, పొడిగా ఉన్నాయి. ఇవి మొదటి నుంచీ ఉన్నవే. మెడ చుట్టూ, గౌను అంచు ఒరిసే చోట ఎర్రటి గీత. నడుం దగ్గర, లాగు ఎలాస్టిక్ కింద ఇంకో గీత. ఇవి మాత్రం కొత్తవి. బట్ట బిగువుగా తగిలే చోటే ఎరుపు ఎక్కువ.

"ఈ మధ్య బట్టల పొడి మార్చారా? దేంతో ఉతుకుతావు? ఎట్లా ఉతుకుతావు?"

అన్ని నెలల్లో ఈ మాట అడిగిన వాళ్ళు ఎవరూ లేరు. ఇల్లాలు గుర్తు తెచ్చుకుంది. సంక్రాంతికి కొట్లో ఒక పొడి వచ్చింది. పెద్ద ప్యాకెట్టు కొంటే బకెట్టు ఉచితం. మల్లెపూల వాసన. అంతకు ముందు వాడిన పొడి మానేసి అదే వాడుతోంది. అందరి బట్టలూ ఒకే బకెట్లో నానబెడుతుంది. రెండు గుప్పిళ్ళు పొడి వేస్తుంది. నురగ పొంగకపోతే ఇంకో గుప్పెడు. ఆ పైన కాలర్లకు, అంచులకు సబ్బు బిళ్ళ రుద్దుతుంది. ఎండాకాలం కదా, నీళ్ళు బోరువి. క్యూలో నిలబడి మోసుకురావాలి. అందుకని ఒక్కసారే జాడించి ఆరేస్తుంది.

డాక్టరమ్మ అప్పుడు ఆమె చేతులు చూసింది. వేళ్ళ సందులు తెల్లగా ఒరిసిపోయాయి. ఉంగరం కింద చర్మం పగిలి ఎర్రగా ఉంది.

"ఈ చేతులకు ఇట్లా ఎన్నాళ్ళయింది?"

"చేతులదేముంది డాక్టరమ్మా. పాప సంగతి చూడండి."

"రెండూ చూడాల్సిందే" అంది డాక్టరమ్మ.

పాపకు ఉన్నదాన్ని ఎగ్జిమా అంటారు. అది అంటుకునే జబ్బు కాదు. కొందరు పిల్లలు పుట్టుకతోనే పొడి చర్మంతో పుడతారు. చర్మం ఇంటి గోడ లాంటిది. కొందరి గోడ గట్టిగా ఉంటుంది. కొందరి గోడకు సన్నటి బీటలు ఉంటాయి. ఇటు లోపలి తేమ బయటికి పోతుంది. అటు బయటి సబ్బు, దుమ్ము, చెమట లోపలికి దిగి మంట పుట్టిస్తాయి. బట్టల పొడి ఎగ్జిమాను పుట్టించదు. ఉన్న ఎగ్జిమాను రేపుతుంది.

బట్టల వల్ల దురద రావడం కొత్త సంగతి కాదు. పూర్వం చాకిరేవుల్లో ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో గుర్తు పెట్టేవారు. ఆ రసం పోదు, ఎన్ని ఉతుకులకూ చెరగదు. అది కొందరి ఒంటికి పడదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన దేశానికి వచ్చిన అమెరికా సైనికులకు మెడ మీద, నడుం మీద పొక్కులు లేచాయి. ఎందుకో మొదట తెలియలేదు. గుర్తు పెట్టిన చోటే పొక్కు ఉందని డాక్టర్లు కనిపెట్టారు. 1943లో దాని గురించి వాళ్ళు వైద్య పత్రికలో రాశారు. పొక్కు ఎక్కడ ఉందో చూసి కారణం పట్టుకున్నారు. పాప విషయంలో డాక్టరమ్మ చేసిందీ అదే.

ఇప్పుడు పొడిలో ఏముందో చూద్దాం.

పూర్వం బట్టలకు చౌడు మట్టి, బూడిద నీళ్ళు, కుంకుడుకాయ వాడేవారు. తరవాత సబ్బు వచ్చింది. సబ్బును నూనె, క్షారం కలిపి చేస్తారు. మంచి నీళ్ళలో సబ్బు బాగా పని చేస్తుంది. పప్పు ఉడకని నీళ్ళు ఉంటాయి చూడండి, అట్లాంటి బోరు నీళ్ళలో మాత్రం సబ్బు నురగ ఇవ్వదు. తెల్లటి తెట్టులా విరిగిపోతుంది. ఆ తెట్టు బట్టకు పడుతుంది. అట్లాంటి నీళ్ళలో కూడా పని చేసేటట్టు చేసినదే బట్టల పొడి. మన దేశంలో 1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో అహమ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టాడు. తక్కువ ధరకు అమ్మాడు. పేదవాళ్ళ ఇళ్ళకు కూడా పొడి వచ్చింది. ఇప్పటికీ చాలా ఊళ్ళలో ఏ కంపెనీ పొడి అయినా "సర్ఫు" అనే అంటారు.

పొడిలో మురికిని పట్టి లాగే మందు ఉంటుంది. చాకలి సోడా ఉంటుంది. సోడా క్షారం. సున్నం, బూడిద లాంటి గుణం. దీన్ని కొలవడానికి ఒక కొలత ఉంది. మంచి నీళ్ళకు 7. అంతకన్నా తగ్గితే పులుపు, పెరిగితే క్షారం. మనిషి చర్మం కొద్దిగా పులుపు, దాదాపు 5. పొడి కలిపిన నీళ్ళు 10 దాకా ఉంటాయి. ఉత్త చాకలి సోడా నీళ్ళు 11 దాకా పోతాయి. ఆ నీళ్ళలో గంటసేపు చేతులు పెడితే చర్మంలోని జిడ్డంతా పోతుంది. ఆ జిడ్డే చర్మానికి కాపు. అది పోతే పగులుతుంది.

మిగిలినవి రంగు, వాసన, మెరుపు. మెరుపు మందు మురికి తియ్యదు. బట్టకు అంటుకొని తెల్లగా ఉన్నట్టు కళ్ళకు చూపిస్తుంది. పాతకాలం నీలిమందు చేసే పనే అది. వాసన కూడా మురికి తియ్యదు. మల్లెపూల వాసన వస్తోందంటే, ఉతికినా బట్టలో ఏదో ఒకటి ఉండిపోయిందనే అర్థం. వాసన మందుల్లో కొన్ని కొందరి ఒంటికి పడవు. కాబట్టి దురద ఉన్న ఇంట్లో మొదట మానాల్సింది వాసనే.

కొన్ని పొడుల మీద "ఎంజైములు" అని రాస్తారు. అవి పాల మరక, నెత్తురు మరక, కూర మరకలను కరిగిస్తాయి. 1969లో ఇంగ్లండులో ఆ పొడి తయారు చేసే ఫ్యాక్టరీ కూలీలకు ఉబ్బసం వచ్చినట్టు డాక్టర్లు రాశారు. దుమ్ము పీల్చడం వల్ల వచ్చింది అది. తరవాత వాటికి పై పూత వేసి గింజల్లా చేస్తున్నారు. వాటితో ఉతికిన బట్టలు కట్టినందువల్ల దద్దుర్లు వచ్చే మాట చాలా అరుదు. కాబట్టి ఆ మాట చూసి భయపడాల్సింది లేదు. పొడి వేసేటప్పుడు మొహం మీదికి దుమ్ము లేవకుండా వేస్తే చాలు.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. 2002లో అమెరికాలో డాక్టర్లు చర్మం బాధతో వచ్చిన 738 మందికి బట్టల పొడి పడుతుందో లేదో పరీక్ష చేశారు. పడనట్టు తేలింది ఐదుగురికే. నూటికి ఒకరు కూడా కాదు. మరి ఇంతమందికి పొడి వల్ల దురద, మంట ఎందుకు వస్తున్నట్టు? చాలామందికి వచ్చేది "పడకపోవడం" కాదు. ఒరిపిడి. పొడి ఎక్కువ వేసి, తక్కువ జాడిస్తే బట్టలో పొడి మిగులుతుంది. చెమట పట్టగానే అది కరిగి ఒంటికి రాసుకుంటుంది. మామూలు చర్మం తట్టుకుంటుంది. బీటల గోడ తట్టుకోదు.

నీళ్ళ సంగతి కూడా ఉంది. 2017లో ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 80 మంది మీద చేసిన పరీక్ష గురించి రాశారు. ఉప్పు ఎక్కువ ఉన్న గట్టి నీళ్ళతో కడిగితే సబ్బు మందు చర్మం మీద ఎక్కువ మిగిలిపోతోందని, ఎగ్జిమా ఉన్నవాళ్ళకు మంట ఎక్కువ అవుతోందని తేలింది. బోరు నీళ్ళ ఊళ్ళ వాళ్ళు గుర్తు పెట్టుకోవాల్సిన మాట ఇది.

ఇక ఇల్లాలు చేసిన పని వినండి.

సాయంత్రం పెద్దపిల్లను వెంటబెట్టుకొని కొట్టుకు పోయింది. పెద్దపిల్లకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాలు చదివించింది. "పర్‌ఫ్యూమ్", "ఫ్రాగ్రెన్స్" అంటే వాసన మందు. కొన్నిటి మీద ఆ మాట ఉంది. చాలా ప్యాకెట్ల మీద లోపల ఏముందో పూర్తిగా రాయలేదు. అప్పుడు ముక్కే కొలత. మూసిన ప్యాకెట్టు నుంచే గుప్పుమని వాసన వచ్చేది పక్కన పెట్టేసింది.

"పసిపిల్లల బట్టల కోసం ఇది ఉందమ్మా, సున్నిత చర్మానికి" అని కొట్టాయన ఒక సీసా చూపించాడు. ధర రెండింతలు. సీసా తిప్పి చూస్తే అందులోనూ వాసన మందు ఉంది. ఇట్లాంటి సీసాల మీద "హైపో అలర్జెనిక్" అని కూడా రాస్తారు. అంటే ఒంటికి పడకపోవడం తక్కువ అని. అమెరికాలో మందుల మీద, అలంకరణ సామాను మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థే ఆ మాటకు నిర్ణయమైన కొలత ఏదీ లేదని చెబుతుంది. బొమ్మ మీద పసిపాప ఉన్నంత మాత్రాన లోపలి సరుకు పసిపాప కోసం చేసినట్టు కాదు.

"అయితే ఇది తీసుకో. నురగ బాగా వస్తుంది" అన్నాడు కొట్టాయన.

నురగ ఎక్కువ వస్తే మురికి ఎక్కువ పోతుందనేది భ్రమ. నురగ ఎక్కువైతే జాడించడానికి నీళ్ళు ఎక్కువ కావాలి. నీళ్ళు ఎవరు మోస్తారు? ఆ ఇంట్లో అయితే ఇల్లాలూ పెద్దపిల్లే.

"వద్దన్నా. వాసన లేనిది, నురగ తక్కువది చూడు" అంది.

పొడి మంచిదా, ద్రవం మంచిదా అని కొందరు అడుగుతారు. ద్రవంలో క్షారం తక్కువ. బట్టలో గింజలు మిగలవు. అందుకని చర్మానికి కాస్త నయం. ధర ఎక్కువ. చెడిపోకుండా కలిపే మందు కొందరికి పడదు. ఇంట్లో అందరి బట్టలకూ ద్రవం కొనలేనివాళ్ళు పాప బట్టలకు మాత్రమే చిన్న ప్యాకెట్టు కొనుక్కోవచ్చు. ఆమె అట్లాగే చేసింది. పాప బట్టలకు వాసన లేని ద్రవం చిన్న ప్యాకెట్లు రెండు. మిగిలిన వాళ్ళకు వాసన తక్కువ ఉన్న మామూలు పొడి. ఉచిత బకెట్టు పొడి మళ్ళీ కొనలేదు. బకెట్టు మాత్రం బాగుంది, నీళ్ళకు వాడుతున్నారు.

కుంకుడుకాయలు వాడొచ్చా అంటే వాడొచ్చు. అత్తకు ఆ పని బాగా తెలుసు. గింజ తీసి, పది పన్నెండు కాయలు రాత్రి నానబెట్టి, పొద్దున మరిగించి, పిసికి, గుడ్డలో వడగట్టాలి. పట్టు చీరలకు, ఉన్నికి, పాప గౌన్లకు బాగుంటుంది. కుంకుడులో చాకలి సోడా గుణం లేదు. కానీ తాపీ పని చొక్కా మురికి దానితో వదలదు. తెల్ల బట్టలకు పసుపు రంగు వస్తుంది. వడగట్టకపోతే తొక్కలు బట్టకు అంటుకొని అవే గుచ్చుకుంటాయి. కంట్లో పడితే మంట. పెరట్లో ఉన్నది కాబట్టి ఒంటికి పడి తీరుతుందని కూడా లేదు. కొందరికి కుంకుడు కూడా పడదు.

కొట్లో చేసింది సగం పని. మిగతా సగం బండ దగ్గర.

గుప్పిళ్ళతో వెయ్యడం మానేసింది. చెంచా పెట్టుకుంది. బకెట్టుకు ఎంత వెయ్యాలో ప్యాకెట్టు వెనక రాసి ఉంటుంది. రాసినదానికన్నా ఆమె మూడింతలు వేస్తున్నట్టు తేలింది. నెలాఖరుకు పొడి మిగిలింది. పొడిని ముందు నీళ్ళలో పూర్తిగా కరిగించి, ఆ తరవాతే బట్టలు వేస్తోంది. బట్టల మీద పొడి చల్లితే మడతల్లో గింజలు ఉండిపోతాయి.

పాప బట్టలు అన్నిటికన్నా ముందు, విడిగా ఉతుకుతుంది. తాపీ పని బట్టలు అన్నిటికన్నా ఆఖరున. సిమెంటు కూడా క్షారమే. ఆ దుమ్ము చర్మాన్ని తింటుంది. ఆ చొక్కాను పాప గౌనుతో కలిపి నానబెట్టడం అంటే పాప గౌనుకు సిమెంటు నీళ్ళు పట్టించడమే.

జాడించడం గురించి ఒక లెక్క ఉంది. పలకా బలపం తీసుకొని చేసి చూడండి.

పిండిన బట్టల్లో ఇంకా 1 లీటరు సబ్బు నీళ్ళు ఉన్నాయనుకోండి. జాడించడానికి 10 లీటర్ల మంచి నీళ్ళు ఉన్నాయి. పదీ ఒకేసారి పోసి జాడిస్తే మొత్తం 11 లీటర్లు. మళ్ళీ పిండితే 1 లీటరు బట్టలో ఉంటుంది. అంటే 11 వంతుల్లో ఒక వంతు పొడి బట్టలోనే ఉండిపోయింది.

అవే 10 లీటర్లను 5, 5గా చేయండి. మొదట 5 లీటర్లు పోస్తే మొత్తం 6. పిండితే 6 వంతుల్లో ఒక వంతు మిగిలింది. మళ్ళీ 5 లీటర్లు పోసి జాడించి పిండితే, ఆ మిగిలినదాంట్లో 6 వంతుల్లో ఒక వంతే మిగిలింది. ఆరు ఆర్లు 36. అంటే మొదట ఉన్నదాంట్లో 36 వంతుల్లో ఒక వంతు. నీళ్ళు అవే. ఒక బిందె కూడా ఎక్కువ మొయ్యలేదు. మధ్యలో గట్టిగా పిండడమే కిటుకు.

బట్ట శుభ్రంగా జాడిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆరిన గౌను ఒకటి తీసి, పళ్ళెంలో మంచి నీళ్ళు పోసి అందులో పిసకండి. నురగ లేస్తే పొడి ఇంకా ఉన్నట్టే. ఆ ఇల్లాలు బీరువాలో మడత పెట్టిన పాత గౌనుతో ఈ పరీక్ష చేసింది. పళ్ళెం నిండా నురగ లేచింది. అత్త కూడా వంగి చూసింది. ఆ తరవాత మిరపకాయల మాట ఎత్తలేదు.

ఆఖరి నీళ్ళలో వాసన ద్రవం, ఆసుపత్రి వాసన వచ్చే క్రిమి మందు కలిపే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. దురద ఉన్న పిల్లల బట్టలకు రెండూ వద్దు. మంచి ఎండ చాలు. బ్లీచింగ్ పొడిని పిల్లల బట్టల దగ్గరికి రానివ్వకూడదు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో దాన్ని ఎప్పుడూ కలపకూడదు. విష వాయువు పుడుతుంది. కొత్త బట్టలు కూడా ఒకసారి ఉతికే తొడగాలి. పండగ గౌను అయినా సరే.

డాక్టరమ్మ ఇంకో మాట గట్టిగా చెప్పింది. "ఒకేసారి అన్నీ మార్చొద్దు తల్లీ. పొడి, ఒంటి సబ్బు, తిండి, మందు అన్నీ ఒకే రోజు మారిస్తే ఏది పని చేసిందో ఎట్లా తెలుస్తుంది? పాప బట్టల ఉతుకు మార్చు. పక్క దుప్పటి, నీ చీర కొంగు కూడా. పాప మొహం ఆనేది వాటికే కదా. మూడు వారాలు చూడు." వంకాయ, గోంగూర, గుడ్డు తిరిగి తినమంది. "నువ్వు తినకపోతే పాపకు పాలెక్కడివి?"

పాపకు గోరువెచ్చని నీళ్ళతో తొందరగా స్నానం చేయించి, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనె రాయమంది. ఒక పూత మందు కూడా రాసింది. ఎన్ని రోజులో చీటీ మీద అంకె వేసి ఇచ్చింది. నూలు గౌన్లు వదులుగా తొడగమంది. గోళ్ళు కత్తిరించమంది. చీము పట్టినా, జ్వరం వచ్చినా, నీటి పొక్కులు లేచినా మూడు వారాలు ఆగకుండా వెంటనే రమ్మంది.

మూడు వారాలకు మెడ చుట్టూ గీత పోయింది. ఎలాస్టిక్ కింద గీత పోయింది. మోచేతి మడతల్లో గరుకు పూర్తిగా పోలేదు. అది ఆ పాప చర్మ తత్వం. చలికాలంలో మళ్ళీ వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. పిల్లలు పెద్దవుతుంటే చాలామందికి తగ్గుతుందని కూడా చెప్పింది. పాప ఇప్పుడు రాత్రి ఒకటి రెండు సార్లు మాత్రమే లేస్తోంది.

ఇల్లాలి చేతుల సంగతి మిగిలింది. అది అంత తొందరగా తేలేది కాదు. తన ఇంట్లో పొడి తన ఇష్టం. పని చేసే ఇళ్ళలో పొడి ఎవరిష్టం?

డాక్టరమ్మ చెప్పినవి తనకు చేతనైనంత చేస్తోంది. పనికి పోయేటప్పుడు ఉంగరం తీసి బీరువాలో పెడుతోంది. ఉంగరం కింద సబ్బు నీళ్ళు నిలిచి చర్మాన్ని తినేస్తాయి. సబ్బు నీళ్ళలో నిలబడే వాళ్ళకు కాలి మెట్టెల కింద కూడా అంతే. మెట్టెలు తీయనని చెప్పింది. తీయకపోతే మానె, పని అయిపోయాక వాటి కింద మంచి నీళ్ళు పోసి కడిగి, గుడ్డతో తుడుచుకుంటోంది. చేతులకు పూటకు రెండుసార్లు కొబ్బరి నూనె. బట్టలు, గిన్నెలు వెంట వెంటనే చేయకుండా మధ్యలో ఇల్లు ఊడుస్తోంది, చేతులు కాసేపు పొడిగా ఉంటాయని.

మొదటి ఇంట్లో అమ్మగారికి చేతులు చూపించి చెప్పింది. "అమ్మగారూ, ఈ పొడికి చేతులు పగులుతున్నాయి. వేరేది తెప్పించండి. రబ్బరు తొడుగులు ఉంటే ఇంకా మంచిదని డాక్టరమ్మ చెప్పింది." ఆమె చూసి, "ముందే చెప్పకపోయావా" అంది. పొడి మార్పించింది. తొడుగులు తెప్పించింది. లోపల పలచని నూలు తొడుగు వేసుకొని పైన రబ్బరుది వేసుకుంటే చెమటకు నానదు. నెల తిరిగేసరికి ఒక వేలు దగ్గర చిరిగింది. చిరిగిన తొడుగులోకి సబ్బు నీళ్ళు దిగితే అసలు లేనిదానికన్నా చేటు. అందుకని అది పారేసి కొత్త జత అడిగింది. ఇచ్చారు.

రెండో ఇంట్లో కూడా అడిగింది.

"ఇన్నేళ్ళ నుంచి ఇదే పొడి. నీకిప్పుడు కొత్తగా వచ్చిందా?" అన్నారు.

ఆ ఇంట్లో బట్టలు ఎక్కువ. జీతం కూడా కాస్త ఎక్కువ. మానుకోవడానికి లేదు. పొడి డబ్బా వాళ్ళ చేతిలోనే ఉంది, వాళ్ళే కొలిచి వేస్తారు. మొదటి ఇంటి తొడుగులు తీసుకొని పోతోంది. వాటితో బట్ట పట్టు దొరకదని, కాలర్లు రుద్దేటప్పుడు తీసేస్తోంది. ఎడమ చెయ్యి మానింది. కుడి చేతి రెండు వేళ్ళు ఇంకా పగిలే ఉన్నాయి. వచ్చే బుధవారం పాపను చూపించడానికి పోయినప్పుడు ఆ వేళ్ళు కూడా చూపిస్తానంటోంది.